‘హెచ్‌ఐవీ డబ్బే ఆఫ్రికా వైద్యాన్ని ముంచింది’ అనే మెసేజ్‌కి జవాబు

‘హెచ్‌ఐవీ పేరుతో వచ్చిన విదేశీ డబ్బే ఆఫ్రికా వైద్యాన్ని నాశనం చేసింది, 2025లో అమెరికా దాన్ని ఆపేయడమే మేలు’ అనే మెసేజ్ గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. అందులో నాలుగు పాయింట్లు. ‘నిజమే కదా’ అని తోటి డాక్టర్లకు పంపే డాక్టర్లూ ఉన్నారు. ఒక్క పాయింటు తప్ప మిగతావేవీ నిలబడవు.

‘ఇదంతా అమెరికా కంపెనీలు మందులు అమ్ముకోడానికే.’ ఇప్పుడు ఆఫ్రికాలో ఎక్కువమంది వేసుకునే టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు) ప్రధానంగా తయారయ్యేది మన దేశంలో. 2017లో దాన్ని మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి హైదరాబాద్‌కు చెందిన అరబిందో. ఈ పాయింటు ఇంతటితో సరి.

‘ఆ డబ్బు వేరే జబ్బుకి పైసా ఉపయోగపడలేదు.’ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో) చూసే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషిన్‌లో కార్ట్రిడ్జ్ మారిస్తే టీబీ తెలుస్తుంది, అది ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో కూడా తెలుస్తుంది. కోవిడ్ వచ్చినప్పుడు టెస్టులు చేసిందీ ఆ మెషిన్లే. రువాండా అయితే గ్లోబల్ ఫండ్ (ఎయిడ్స్, టీబీ, మలేరియాలపై పోరుకి దేశాలకు సాయమిచ్చే అంతర్జాతీయ నిధి) డబ్బులో కొంతతో పేదల ఆరోగ్య బీమా ప్రీమియం కట్టింది. ఆ బీమా కాన్పుకీ మలేరియాకీ కూడా వర్తించింది.

‘ప్రభుత్వాసుపత్రుల నర్సుల్ని ఎన్జీవోలు లాగేసుకున్నాయి.’ ఇది నిజం, ఒప్పుకోవాల్సిందే. ప్రసూతి వార్డులో ఉండాల్సిన నర్సు ఎక్కువ జీతం కోసం ఎన్జీవోల హెచ్‌ఐవీ ప్రాజెక్టులోకి వెళ్లిపోయింది. మిగిలిన నర్సు ఒకే రోగి వివరాలను ప్రభుత్వ రిజిస్టర్లో ఒకసారి, దాత రిజిస్టర్లో ఇంకోసారి రాసింది. హెచ్‌ఐవీ కిట్లు నిండుగా ఉన్న గది పక్కనే, గ్లోవ్స్ కూడా లేని స్టోర్ ఉండేది. అయితే దీనికి పరిష్కారం డబ్బు ఆపడం కాదు. మలావీ 2004లో బ్రిటన్, గ్లోబల్ ఫండ్ నిధులతో పదకొండు రకాల ప్రభుత్వ ఆరోగ్య సిబ్బందికి జీతం 52 శాతం పెంచింది. సిబ్బందిని నిలబెట్టుకోడానికి వాడింది కూడా ఇదే రకం డబ్బు. తప్పంతా ఆ డబ్బును ఎవరి చేతికి, ఏ పద్దు కింద ఇచ్చారన్నదాంట్లో ఉంది.

ఇక అసలు ప్రమాదం నాలుగో పాయింటులో ఉంది: ‘ఒక్కసారిగా ఆపేస్తే వాళ్లే నేర్చుకుంటారు.’ ఎవరు నేర్చుకోవాలి? ఆరు వారాల పసిబిడ్డా?

ఆపితే ఏమవుతుందో వరసగా చూడండి. గోడౌన్‌లో మాత్రలు ఉంటాయి, వాటిని క్లినిక్‌కి చేర్చే వ్యాన్‌కి డబ్బుండదు. వైరల్ లోడ్ కోసం ఈడీటీఏ ట్యూబ్‌లో (రక్తం గడ్డకట్టకుండా ఉంచే ట్యూబ్) తీసిన రక్తం నుంచి సాధారణంగా 24 గంటల్లోపు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, వేరుచేయాలి. దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్లే బైక్ మనిషి జీతం ప్రాజెక్టుదే, కాబట్టి శాంపిల్ పాడవుతుంది. మందుకి రానివాళ్లకి ఫోన్ చేసే కౌన్సెలర్ ఉండదు గనక, ఎవరు మానేశారో కూడా తెలియదు. మాత్ర ఆగిన రెండు నుంచి నాలుగు వారాల్లో వైరస్ మళ్లీ లేస్తుంది. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్లకి ఇంకో గండం: టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నీ అణిచి ఉంచుతాయి, హఠాత్తుగా మానితే కాలేయం దెబ్బతింటుంది. ఇక గర్భిణి మాత్రలు ఆగితే బిడ్డకు సోకే అవకాశం పెరుగుతుంది. ఆ బిడ్డకి ఆరు వారాలకి మడమ పొడిచి, కార్డు మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపే పరీక్ష కూడా జరగకపోతే సోకిందని తెలిసేదెలా? సోకి, చికిత్స అందని బిడ్డల్లో దాదాపు సగంమంది రెండో పుట్టినరోజు చూడరు. ఇది తెలిసీ ‘మేలే’ అని ఫార్వర్డ్ చేయడానికి చెయ్యెలా వస్తుంది?

‘మినహాయింపు ఇచ్చారుగా’ అంటారు. ఇచ్చారు. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయం నిలుపుదల ఉత్తర్వు, నాలుగు రోజులకే పనులు ఆపమని ఆదేశం, ఆ తర్వాత ప్రాణరక్షణ చికిత్సకి మినహాయింపు. చెల్లింపులే ఆగిపోయినచోట మినహాయింపు కాగితంతో జీతాలు పడవు. సొంత డబ్బుతో మందులు కొనుక్కునే దక్షిణాఫ్రికాకూ దెబ్బ తగిలింది. అక్కడ అమెరికా వాటా హెచ్‌ఐవీ ఖర్చులో సుమారు 17 శాతమే, కానీ కౌన్సెలర్లు, డేటా ఎంట్రీ వాళ్లు, ఇళ్లకి వెళ్లి వెతికేవాళ్లు చాలామంది ఆ వాటా మీదే బతికారు.

సొంత కాళ్ల మీద నిలబడాలన్న మాట మంచిదే. 2001లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాల నేతలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామన్నారు, ఎక్కువ దేశాలు ఇవ్వలేదు. వాళ్లనీ నిలదీయాలి. కానీ అప్పగించే పద్ధతి ఒకటుంది. గేట్స్ ఫౌండేషన్ 2003లో మన దేశంలో మొదలుపెట్టిన ఆవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం నడిచిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాన్ని 2009 నుంచి విడతలవారీగా, కొన్నేళ్లపాటు ప్రభుత్వానికి అప్పగించారు. ఆఫ్రికా క్లినిక్‌లకి మాత్రం వారం గడువు కూడా దొరకలేదు.