సవరణ: కొత్త బండికి సింథటిక్ ఆయిల్ గురించి

కొత్త బండికి 5,000 కి.మీ. దాటేదాకా సింథటిక్ ఆయిల్ పోయకూడదని, పోస్తే పిస్టన్ రింగులు (పిస్టన్ చుట్టూ ఉండి సిలిండర్ గోడకు ఆనుకునే ఉంగరాలు) సరిగా కూర్చోవని మొన్న రాశాను. అది తప్పు. పాతకాలం మాటను సరిచూడకుండా రాసేశాను.

రెండు మూడు కంపెనీల ఓనర్ మాన్యువల్స్ తిరగేశాను, ఇంజన్లు విప్పి కట్టే మెకానిక్‌నూ అడిగాను. రింగును సిలిండర్ గోడకు నొక్కేది ముఖ్యంగా ఇంధనం మండినప్పుడు పుట్టే గ్యాస్ ఒత్తిడి. గోడ మీద తయారీలోనే ఒకదానికొకటి అడ్డంగా గీసిన సన్నటి హోనింగ్ గీతల మీద రింగు అరిగి కుదురుకుంటుంది. సింథటిక్ అయినంత మాత్రాన ఆయిల్ దాన్ని ఆపదు. కొన్ని బళ్లు ఫ్యాక్టరీ నుంచే సింథటిక్‌తో వస్తాయి. కాబట్టి కిలోమీటర్లు లెక్కపెట్టుకోనక్కర్లేదు, మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ పోస్తే చాలు. క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బళ్లకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (అలాంటి క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. కొత్త బండిని మొదట్లో "మెల్లగా నడపండి" అని నేను రాసింది కొందరు టాప్ గేర్‌లో 30 కి.మీ. వేగం మీద ఈడ్చమన్నట్టు తీసుకున్నారు. అలా చేస్తే ఇంజన్ కొట్టుకుంటుంది. మాన్యువల్ చెప్పిన హద్దులోనే వేగం మారుస్తూ నడపండి.

మొదటి సర్వీసులో ఆయిల్ తప్పక మార్చాలని రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను. మా బండిలోంచి తీసిన ఆయిల్‌ను ఎండలో పెడితే వెండి పొడి కలిపినట్టు మెరిసింది. అది కొత్త భాగాలు అరిగి రాలిన లోహపు పొడి, లోపల తిరగకూడదు.