సమన్లు చేతికివ్వండి, పేపర్లో దాచకండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలోనూ ఈమధ్య ఒక మాట గొప్పగా చెప్పుకుంటున్నారు. "ఎక్స్‌పార్టీ తెచ్చేసుకున్నాడు" అని. ఎక్స్‌పార్టీ అంటే అవతలివాళ్లు కోర్టుకి రాకుండానే ఇచ్చేసే డిక్రీ. ఏదో గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకున్నట్టు! అవతలి మనిషికి కేసు ఉందన్న సంగతే తెలియకుండా విడాకుల డిక్రీ తెచ్చుకోవడంలో తెలివి ఏముందో నాకైతే అర్థం కాదు. విడిపోవద్దని నేను ఎవరికీ చెప్పను. పడనప్పుడు విడిపోవడమే మేలు. కోర్టుకి రమ్మని పిలిచే కాగితం, అదే సమన్లు, మాత్రం ముందు చేతికి అందాలి.

మా చుట్టాల్లో జరిగిందే చెబుతాను. అమ్మాయిది మా ఊరు, అత్తవారిది ఆంధ్రా వైపు. గొడవలై పుట్టింటికి వచ్చేసింది. అతను శ్రీకాకుళం జిల్లాలో విడాకుల కేసు వేశాడు. పిటిషన్లో భార్య అడ్రసు ఏమిచ్చాడనుకున్నారు? తన ఇంటిదే! ఆమె పర్లాకిమిడిలో ఉందని తెలియకనా? పిల్లాణ్ణి చూడ్డానికని ఆ పుట్టింటికే వచ్చి టీ తాగి వెళ్లిన మనిషి. కోర్టు అమీను వెళ్తే "ఇక్కడ లేదు, ఎక్కడుందో తెలీదు" అన్నారట ఇంట్లోవాళ్లు. పోస్టులో పంపిందీ తిరిగొచ్చింది. ఆ తర్వాత పేపర్లో ఒక మూల, అగ్గిపెట్టంత ప్రకటన. ఇంకేముంది, డిక్రీ చేతికొచ్చింది. ఈ పిల్లకు తెలిసింది అతని రెండో పెళ్లి శుభలేఖ ఎవరో వాట్సాప్‌లో పంపినప్పుడు. "అప్పా, నాకు విడాకులైపోయాయట, నిజమేనా?" అని నాకు ఫోన్ చేసింది. ఏం చెప్పాలో తోచలేదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఐదో ఆర్డర్ అని ఒకటి ఉంది. సమన్లు ఎలా అందించాలో అందులో వరసగా రాసి ఉంది. వీలైనంత వరకు మనిషి చేతికే ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి. ఇప్పట్లో దొరకడనుకుంటే, తనతో కలిసి ఉంటున్న ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఇవ్వొచ్చు, ఆడవాళ్లయినా సరే. పనిమనిషికి ఇస్తే చెల్లదు. తీసుకోనంటే ఇంటి తలుపుకి అంటించి, ఆ ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించారో రాసి కోర్టుకి రిపోర్టు ఇవ్వాలి. పేపర్ ప్రకటన వీటన్నిటి తర్వాతి మాట. మనిషి తప్పించుకు తిరుగుతున్నాడని, లేదా మామూలు దారిలో అందించడం కుదరదని జడ్జికి నమ్మకం కలిగితేనే దానికి అనుమతి. తప్పు అడ్రసు ఇచ్చి ఆ నమ్మకం కలిగించడాన్ని మా వైపు తెలివి అంటున్నారు, నేను మోసం అంటాను.

ఆ తెలివైనవాళ్లకి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. సమన్లు సరిగ్గా అందలేదని రుజువు చేస్తే ఎక్స్‌పార్టీ డిక్రీని అదే కోర్టు రద్దు చేస్తుంది. దానికి గడువు 30 రోజులు. అయితే సమన్లు అందనివాళ్లకు ఆ 30 రోజులు లెక్కపెట్టేది డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి. పేపర్ ప్రకటనను ఈ గడువు లెక్కలో సరిగ్గా అందినట్టుగా చూడకూడదని లిమిటేషన్ చట్టంలోనే రాసి పెట్టారు. అంటే అతను తెచ్చుకున్న డిక్రీ ఎన్నేళ్లయినా ఊగుతూనే ఉంటుంది. పేరులో ఒక అక్షరం తప్పుందనో, చిన్న లోపం ఉందనో వెళ్తే మాత్రం కుదరదు. వాయిదా తేదీ తెలిసి, రావడానికి టైమూ ఉండి రానివాళ్లను కోర్టు పట్టించుకోదు.

అక్కడికే వస్తున్నాను. తప్పంతా వేసినవాళ్లదే కాదు. కాగితం వస్తోందని తెలియగానే ఇంట్లో పెద్దలు చెప్పే మొదటి సలహా, "సంతకం పెట్టకే, తీసుకుంటే ఒప్పుకున్నట్టే!" ఎవరు పుట్టించారో గానీ ఈ మాట ఎన్ని సంసారాలను కోర్టు మెట్ల మీద ముంచిందో. సమన్ల మీద సంతకం పెడితే కాగితం అందిందని అర్థం, అంతే. విడాకులకు ఒప్పుకున్నట్టు కాదు. తీసుకోకపోతేనే నష్టం. పోస్ట్‌మాన్ "తిరస్కరించారు" అని రాసి పంపితే అందినట్టే లెక్క. తలుపుకి అంటించినా అంతే. తర్వాత "నాకు తెలీదు" అంటే ఎవరూ వినరు. తీసుకుని, చదివించుకుని, వాయిదాకి వెళ్లి, ఖర్చులకు హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం అడగండి. కాగితం చేతిలో ఉంటేనే కదా ఏం అడగాలో తెలిసేది.

సరిహద్దులో మాకు ఇంకో తలనొప్పి. మహేంద్రతనయ ఒడ్డున ఈ రెండు ఊళ్లూ పక్కపక్కనే ఉంటాయి. 1936లో ఒరిస్సా విడిపోయినా పిల్లనివ్వడాలు, తెచ్చుకోవడాలు ఆగలేదు. ఆటోలో పోయే దూరమే, కానీ సమన్లు మాత్రం రాష్ట్రం దాటాలి. అక్కడి కోర్టు ఇక్కడి కోర్టుకి పంపాలి, ఇక్కడివాళ్లు అందించి రిపోర్టు వెనక్కి పంపాలి. ఆ రిపోర్టు ఒడియాలో ఉంటే హిందీ లేదా ఇంగ్లీషు తర్జుమా కూడా జతచెయ్యాలి. ఇందులో నెలలు పోతాయని ఒప్పుకుంటాను. కేసును ఆ రాష్ట్రం నుంచి ఈ రాష్ట్రానికి మార్చుకోవాలన్నా సుప్రీంకోర్టుకి వెళ్లాలి. పక్క ఊరి కోర్టు కోసం ఢిల్లీ! భార్య కేసు వేసేటట్టయితే హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ తర్వాత తాను ఉంటున్న చోటే వేసుకోవచ్చు, అదొక్కటి నయం.

ఆలస్యమవుతుందని అడ్డదారి తొక్కక్కర్లేదు. ప్లీడరుని అడిగి, కోర్టు అనుమతితో సమన్లు మీరే తీసుకెళ్లి అందించే దారి ఉంది, దాన్ని దస్తీ అంటారు. భర్త సూరత్ మిల్లుల్లో ఉంటే సూరత్ అడ్రసు కూడా రాయండి. ఊళ్లో ముసలి తల్లి చేతిలో పెట్టి అయిపోయిందనుకోకండి, ఆమె అతనితో కలిసి ఉండటం లేదు కదా. పిటిషన్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేసి "బ్లూ టిక్ వచ్చింది" అనేవాళ్ల గురించి ఏం చెప్పను? కోర్టు చెప్పకుండా మీరు పంపిన ఫొటో సమన్లు కాదు. లాయర్ నోటీసూ సమన్లు కాదు.

మా అమ్మాయి డిక్రీ మీద పిటిషన్ వేసింది, నడుస్తోంది. నాకు ఎక్కువ బాధ ఆ రెండో పిల్ల గురించి. మొదటి డిక్రీ పోతే ఆమె పెళ్లి ఏ గతి పడుతుందో ఆలోచించండి. "డిక్రీ చూపించాడు కదా" అంటున్నారట వాళ్ల నాన్నగారు. విడాకులైన సంబంధం చూసే తల్లిదండ్రులారా, డిక్రీ ఒక్కటే చూసి తాంబూలాలు పుచ్చుకోకండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ అడగండి. ఎక్స్‌పార్టీ అని ఉంటే, సమన్లు ఏ అడ్రసుకి వెళ్లాయో, ఎవరు తీసుకున్నారో చూడండి. పేపర్ ప్రకటన అని ఉంటే, ఆ మొదటి భార్య ఇంటికి ఒకసారి వెళ్లి ఆమెకు ఈ సంగతి తెలుసో లేదో కనుక్కుని రండి.