సంపు ఖాళీ చేసిన కరెంటు పరీక్ష

వాటర్ ఫిల్టర్ అమ్మేవాడు ఇంటికొచ్చి కరెంటు పరీక్ష చేస్తానంటే ముందు మా బావలాంటి వాళ్లను బయటికి పంపించాలి. మొన్న ఆదివారం అనంతపురంలో అక్కావాళ్లింట్లో ఆ పని చేయలేదు. బావ తలకు నూనె పట్టించుకుని తలంటుకు రెడీగా కూర్చున్నాడు, ఇంతలో మెడలో ట్యాగుతో ఒక కుర్రాడు దిగాడు.

రెండు గ్లాసుల్లో కుళాయి నీళ్లు ఒకదాంట్లో, తను తెచ్చిన ఆర్వో నీళ్లు ఇంకోదాంట్లో పోసి మీటరు ముంచాడు. కుళాయి నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, లీటరుకు ఆరు వందల మిల్లీగ్రాముల పైన. "500 దాటకూడదు సార్." నిజమే, తాగునీటి ప్రమాణాల్లో ఆ మాట ఉంది. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్వాలేదని కూడా అందులోనే ఉంది, అది మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.

తర్వాత కడ్డీలున్న డబ్బా ఒకటి గ్లాసుల మీద పెట్టి ప్లగ్గులో దూర్చాడు. కాసేపటికే కుళాయి నీళ్లు ఆకుపచ్చగా మారి, ఆనక తుప్పు రంగుకు తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి. పక్క గ్లాసు తేటగా అట్లే ఉంది. కుర్రాడు టర్బిడిటీ, హార్డ్‌నెస్ అంటూ మొదలుపెట్టాడు. ఒకటి నీళ్ల మసక, ఇంకోటి బకెట్టుకు పట్టే తెల్లటి గార, అంతే, కానీ ఆయన చెప్పిన తీరుకు రెండూ పెద్దాసుపత్రి జబ్బుల్లా వినిపించాయి. బావ పొట్ట తడుముకుంటూ లేచి బయటికెళ్లాడు. డబ్బులు తేవడానికేమో అనుకున్నాం.

వీధిలో నీళ్లు పారుతుంటే చూసి పక్కింటి పెద్దాయన అరుచుకుంటూ వచ్చాడు. ఊరి కుళాయిలకు నీళ్లొదిలే వాల్వులు తిప్పీ తిప్పీ రిటైరైన మనిషి. సంగతి విని, "చిటికెడు ఉప్పు తేమ్మా" అని అక్కనడిగి, ఆర్వో గ్లాసులో వేసి ప్లగ్గు పెట్టమన్నాడు. అదీ తుప్పు రంగుకే తిరిగింది.

"అది నీళ్లలో మురికి కాదప్పా, వాని ఇనప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. ఉప్పులుంటేనే కదా నీళ్లలో కరెంటు పారేది!"

మా జిల్లాలో బోరు నీళ్లు తాగేవాళ్లు అసలు భయపడాల్సింది ఫ్లోరైడ్‌కి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే పళ్లకూ ఎముకలకూ చేటు. ఆ మీటరు దాన్ని విడిగా చూపించలేదు, నీళ్లు కాచినా అది పోదు, ల్యాబులో చూపించుకోవాల్సిందే. దాని గురించి కుర్రాడు ఒక్క ముక్క అనలేదు, డబ్బా సర్దుకుని జారుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అక్కకు. "మోటరు ఆపండి!"

అప్పటికే బావ వేసిన మోటరు సంపు నీళ్లన్నీ వీధిలోకి తోడేసి గాలి పీలుస్తోంది. మళ్లీ కుళాయి వచ్చేది ఎల్లుండి. ట్యాంకరు వాడు ఫోనెత్తడు. బావ నూనె కారుతున్న తలతో బండేసుకుని పోయి రెండు క్యాన్లు తెచ్చాడు, మామూలువి అయిపోయి కూలింగ్‌వే దొరికాయంట.

బాత్‌రూమ్‌లో మొదటి చెంబుకు పెట్టిన కేకకు గోడ అవతలి నుంచి పెద్దాయన అడిగాడు: "టీడీఎస్ ఎంతుందప్పా?"