నోళ్ళు మూయించే చట్టం మనకొద్దు

షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మీ ఆలయంలోని 90 అడుగుల హనుమంతుణ్ణి చూడని టెక్సాస్ తెలుగువాళ్ళు తక్కువ. చిన జీయర్ స్వామి పూనికతో 2024 ఆగస్టులో ప్రతిష్ఠ జరిగింది. ఏడాది దాటాక, సెనేట్‌కి రిపబ్లికన్ టికెట్ కోసం తిరుగుతున్న ఒకాయన ఆ విగ్రహం వీడియో పెట్టి, మనది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడి విగ్రహాన్ని టెక్సాస్‌లో ఎందుకు ఉండనిస్తున్నాం అని అడిగాడు. నేనున్న వాట్సాప్ గ్రూపుల్లో గంటలోపే తీర్పు వచ్చేసింది: వీణ్ణి లోపలెయ్యాలి, ఇలాంటి మాటలకి ఈ దేశంలో చట్టం లేదా?

లేదు. ఉండాలని నేను కోరుకోవడం కూడా లేదు.

అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలో వాక్‌స్వాతంత్ర్యం కంటే ముందు రాసి ఉన్నది మతస్వేచ్ఛ. ఎంతమందికి కంటగింపైనా హనుమంతుడు అక్కడ నిలబడి ఉన్నాడంటే ఆ వాక్యం చలవే. అదే వాక్యంలోని తర్వాతి ముక్క ఆయన్ని తిట్టినవాడి నోటినీ కాపాడుతుంది. మనకి పనికొచ్చే ముక్క ఉంచి, రెండోది కొట్టెయ్యమంటే కుదిరే పని కాదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు గీత గీసిన 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ కేసు చదివితే ఒళ్ళు మండుతుంది. ఒహాయోలో తెల్లజాతి దురహంకారుల ముఠా కూ క్లక్స్ క్లాన్ సభ. ముసుగులు, తగలబడుతున్న శిలువ, కొందరి చేతుల్లో తుపాకులు. నల్లవాళ్ళని ఆఫ్రికాకీ యూదుల్ని ఇజ్రాయెల్‌కీ పంపెయ్యాలని నాయకుడి ఉపన్యాసం. కింది కోర్టు వేసిన శిక్షని సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటికప్పుడు చట్టవిరుద్ధమైన పనికి జనాన్ని ఉసిగొల్పి, ఆ పని జరిగేలా కూడా ఉంటే తప్ప మాటని శిక్షించకూడదంది. ఫలానావాణ్ణి చంపుతానని బెదిరిస్తే అది వేరే సంగతి, దానికి శిక్ష ఉంది. ‘మీ దేశం పో’ అన్నంత మాత్రాన లేదు.

ఆ మాటే 2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్‌లోని ఒలేథలో వినబడింది. కూచిభొట్ల శ్రీనివాస్, ఆయన స్నేహితుడు ఆఫీసు అయ్యాక ఒక బార్‌లో కూర్చున్నారు. ఒకప్పుడు నేవీలో పనిచేసినవాడొకడు వచ్చి వీళ్ళమీద నోరు పారేసుకున్నాడు. బార్‌లో ఉన్నవాళ్ళు వీళ్ళ పక్షాన నిలబడ్డారు, వాణ్ణి బయటికి పంపేశారు. అక్కడిదాకా అంతా మాటలే. ఆ మాటలకి ఏ చట్టమూ అవసరం లేకుండా, ఏ పోలీసూ రాకుండా, మామూలు మనుషులే జవాబు చెప్పారు. వాడు తుపాకీతో తిరిగొచ్చాడు. ‘నా దేశం వదిలి పో’ అని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, స్నేహితుడు గాయపడ్డాడు, అడ్డం వెళ్ళిన ఒక అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. హంతకుడికి రాష్ట్ర కోర్టు, ఫెడరల్ కోర్టు రెండూ జీవితఖైదు వేశాయి.

ఇక్కడి మన తెలుగు సంఘాల సభల్లో ఒలేథ ప్రస్తావన వస్తే మాట్లాడేదంతా ద్వేషం గురించే. ద్వేషం లేదని ఎవరన్నారు? కానీ వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చి ఉంటే ఇంకో గొడవ, రెండు పిడిగుద్దులు. శ్రీనివాస్ ఇంటికి వెళ్ళేవాడు. ఆ తుపాకీ మాట ఎత్తగానే మన సంఘాల్లో ‘అది రాజకీయం, మనకెందుకు’ అంటారు. ద్వేషం గురించి తీర్మానం చెయ్యడం రాజకీయం కానప్పుడు ఇది ఎలా అయిందో నాకు అర్థం కాదు.

తుపాకీ కొనుక్కున్న మన వాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి షిఫ్టులో గ్యాస్‌ స్టేషన్ నడిపేవాడి భయం నాకు తెలుసు. ఇంట్లో ఆత్మరక్షణకి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని 2008లో సుప్రీంకోర్టే చెప్పింది. అయితే మనలో ఎంతమందికి ఆ హక్కుంది? పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ ఉంది. ఉద్యోగానికొచ్చే హెచ్‌1బీ, చదువుకొచ్చే ఎఫ్‌1 వీసాల మీద ఉన్నవాళ్ళకి, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. వాళ్ళకి మిగిలింది నోరొక్కటే. ద్వేషపు మాటల మీద చట్టం తెమ్మని మనం అడిగితే, ఆ ఒక్కటీ ఎవరి చేతిలో పెడుతున్నట్టు?

2025 సెప్టెంబరులో జరిగింది చూడండి. నెల మొదట్లో ట్రంప్ పక్షపు ప్రచారకుడు చార్లీ కర్క్ భారతీయులకి ఇంకా వీసాలు అక్కర్లేదని రాశాడు. మన వాళ్ళు మండిపడ్డారు. 10న యూటాలో ఒక యూనివర్సిటీ ఆవరణలో విద్యార్థులతో వాదిస్తూ, మాస్ షూటింగుల గురించి అడిగిన ప్రశ్నకి జవాబిస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. వీసాల మీద ఆయనన్నది నాకు నచ్చలేదు. కానీ మైకు పెట్టుకుని ఎదుటివాణ్ణి వాదనకి పిలవడం ఆయన హక్కు, దాన్ని తుపాకీ ఆపేసింది. ఆ తర్వాత అప్పటి న్యాయశాఖ అధిపతి (అటార్నీ జనరల్) పామ్ బాండీ ద్వేషపూరిత ప్రసంగాల వెంటపడతామని అన్నారు. ఆమె పక్షం వాళ్ళే అభ్యంతరం చెబితే, బెదిరింపుల గురించే అన్నానని సర్దుకోవలసి వచ్చింది. ఆమె మాట అక్కడితో ఆగింది. అక్టోబరులో విదేశాంగ శాఖ మాత్రం కర్క్ హత్య గురించి రాసిన రాతలకి ఆరుగురు విదేశీయుల వీసాలు రద్దు చేసింది. వాళ్ళలో భారతీయులు లేరు. డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్‌4 వీసాల దరఖాస్తుదారులు కూడా సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా పెట్టాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో పాత పోస్టులు చెరుపుకుంటూ కూర్చున్న కుర్రాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు.

ఇండియాలో వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడం నేరం. పాత శిక్షాస్మృతిలో 153ఎ, ఇప్పుడు న్యాయ సంహితలో 196. దానివల్ల ద్వేషం తగ్గిందేమో టీవీ చర్చలు చూసి చెప్పండి. ఆంధ్రలో ప్రభుత్వం మారినప్పుడల్లా పోస్టుల మీద కేసులు పెట్టేవాళ్ళూ, అరెస్టయ్యేవాళ్ళూ అటూ ఇటూ మారతారు, అంతే. (ఇక్కడ మన పార్టీల ఎన్నారై విభాగాలు గ్రూపుల్లో రాసుకునే బూతులకి ఆ చట్టమే ఉంటే సగం మంది మన సంఘాల కన్వెన్షన్‌కి బెయిలు మీద రావాలి.)

మరి తిట్టించుకుంటూ ఊరుకోవాలా? అక్కర్లేదు. ఫ్లోరిడాలోని పామ్ బేలో ఒక నగర కౌన్సిల్ సభ్యుడు భారతీయులందర్నీ వెళ్ళగొట్టాలని రాస్తే, 2025 అక్టోబరులో తోటి సభ్యులే అతని మీద అభిశంసన తీర్మానం చేశారు. అది మాటకి మాటతో జవాబు. జైలు లేదు, జరిమానా లేదు.

తుపాకీ దగ్గర మాత్రం చట్టం కావాలి. ప్రమాదకరంగా మారినవాడి దగ్గర్నుంచి కొన్నాళ్ళు ఆయుధాలు తీసేయమని జడ్జి ఆదేశించే రెడ్ ఫ్లాగ్ చట్టాలు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉన్నాయి. పార్క్‌లాండ్ స్కూలు కాల్పుల తర్వాత 2018లో ఫ్లోరిడా కూడా తెచ్చింది. ఒలేథలో అది పనికొచ్చేదని నేను చెప్పను, ఆ రాత్రి అంత వ్యవధి లేదు. కానీ నెలల తరబడి బెదిరిస్తూ తిరిగేవాళ్ళ విషయంలో పనికొస్తుంది. టెక్సాస్ మాత్రం 2025లో అలాంటి ఆదేశాలే చెల్లవని ఎదురు చట్టం చేసింది. లక్షల్లో తెలుగువాళ్ళున్న రాష్ట్రమది, మన సంఘాల్లో దాని మీద చర్చ నేను వినలేదు.

ప్రతి కన్వెన్షన్‌కీ కాంగ్రెస్ సభ్యుల్నీ మేయర్లనీ పిలుస్తాం. శాలువా కప్పుతాం, జ్ఞాపిక ఇస్తాం, ఫొటో దిగుతాం, ఆయన ‘నమస్కారం’ అనగానే చప్పట్లు కొడతాం. ఈసారి మైకు ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. మీ పార్టీవాడు మా గుడినో మా వీసానో తిట్టినప్పుడు మీరు బహిరంగంగా ఏమన్నారు? రెడ్ ఫ్లాగ్ చట్టానికి మీ ఓటు ఎటు? మనది పన్ను మినహాయింపు ఉన్న 501(సి)(3) సేవాసంఘం కాబట్టి ఫలానావాడికి ఓటెయ్యమని మనం చెప్పకూడదు. రెండు పార్టీలవాళ్ళనీ ఒకే ప్రశ్న అడిగితే ఏ ఇబ్బందీ లేదు. జవాబు దాటేస్తే, దాటేశారని ఈ పత్రికలోనే వేద్దాం. శాలువా మాత్రం కప్పండి, ఎలాగూ కొనేశాం.