మాస్టారి దింపు

దసరా సెలవులు పిల్లలకే గానీ మాస్టార్లకు కాదని మా ఇంట్లో ఎప్పుడో తీర్మానం అయిపోయింది. అమలాపురంలో మాది పాతకాలపు పెంకుటిల్లు. ముందు కాస్త వాకిలి, వెనక ఆరు సెంట్ల పెరడు. వానాకాలమంతా ఆ పెరడు నా మాట వినదు. ఆశ్వయుజం వచ్చి వానలు కాస్త తెరిపిచ్చేసరికి మోకాలెత్తు గడ్డి, ప్రహరీ గోడకి నాచు, అటక నిండా బూజు. శరత్కాలపు వెన్నెల మీద కవులు ఎన్ని పద్యాలైనా రాసి ఉండొచ్చు. మా ఇంట్లో శరత్కాలమంటే బ్లీచింగ్ పౌడర్ వాసన.

ఈసారి మా ఆవిడ పనుల చిట్టాని పాత ప్రశ్నపత్రం వెనక రాసి నా చేతిలో పెట్టింది. తిరగేసి చూశాను. "ఏవేని ఐదింటికి" అన్న చాయిస్ ఎక్కడా లేదు.

మొదటి రెండు రోజులూ అటకకే సరిపోయాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, బూజు కర్ర పట్టుకుని పైకెక్కితే, మా పెళ్ళికి చదివించిన గోడ గడియారాలు ఆరు బయటపడ్డాయి. ఆరూ ఆరు టైముల దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఇత్తడి బిందెలన్నీ కిందికి దింపితే మా అమ్మ చింతపండు పెట్టి తోమడానికి కూర్చుంది. ఇవాళ్టి చింతపండు ధరకి, ఆ బిందెలు అమ్మేసి చింతపండు కొనుక్కుని దాచుకోవడం మేలని నేను లెక్క చెప్పబోయాను. "నోరు మూసుకుని ఆ గంగాళం ఇలా అందించు" అంది. అందించాను.

శుక్రవారం డ్రై డే. నీళ్ళు నిలవున్న పాత్రలన్నీ ఒంపేసి ఆరబెట్టే రోజు. దోమ గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది గనక వారానికోసారి ఒంపేస్తే దాని బతుకు మధ్యలోనే తెగిపోతుందని ఆ లెక్క. ఇది మా వీధిలో అందరికీ తెలుసు, నాక్కూడా. అయినా ఆరోగ్య కార్యకర్త వచ్చి మా పెరట్లో పడున్న స్కూటర్ టైరుని కాలితో కదిపితే, అందులో నీళ్ళు తళతళా, ఆ నీళ్ళలో పురుగులు గిలగిలా. ఆ అమ్మాయి ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది.

"మాస్టారూ! పదిమందికి చెప్పాల్సిన మీరే ఇలాగైతే ఎలాగండీ?"

"నేను లెక్కల మాస్టారిని కదమ్మా. ఇది సైన్సు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిట్టాలో ఆఖరి ప్రశ్న మిగిలింది. మునగ చెట్టు.

మా మునగ చెట్టు పద్దెనిమిది అడుగులుంటుంది. దాని కొమ్మ ఒకటి గోడ దాటి పక్కింటి పిన్నిగారి రేకుల షెడ్డు మీదికి వాలిపోయింది. తుపానుల రోజులు వస్తున్నాయి. కోనసీమలో మా అమ్మ వయసు వాళ్ళకి కాలం రెండు ముక్కలు: 1996 నవంబరు 6కి ముందు, ఆ తర్వాత. ఆ రాత్రి తుపానుకి కొబ్బరి తోటలకు తోటలే పడుకుండిపోయాయి. ఆ సంగతి ఎత్తాక ఇక ఆ కొమ్మని ఉంచుదామని ఎవరంటారు? మనిషిని పెట్టి కొట్టించేద్దామన్నాను నేను.

దింపు తీసే అబ్బాయి ఆ రోజే వచ్చాడు. కాళ్ళకి తాడు తగిలించుకుని, నడుముకి కత్తి దోపుకుని మా కొబ్బరి చెట్లు రెండూ కాఫీ చల్లారే లోపల ఎక్కి దిగేశాడు. గెలలు దింపాడు, ఎండు కమ్మలు కోశాడు, మట్టలన్నీ పెరట్లో ఒక మూల పోగేశాడు. డబ్బులిస్తూ, పనిలో పనిగా ఈ మునగ కొమ్మ కూడా చూడమన్నాను.

అతను చెట్టుకేసి చూశాడు, నాకేసి చూశాడు, రెండడుగులు వెనక్కేశాడు. "కొబ్బరి చెట్టుని నమ్మొచ్చండి మాస్టారూ. మునగని నమ్మకూడదండి. ఆయ్."

యాభై అడుగులెక్కే మనిషి ఏడడుగులకు భయపడుతున్నాడని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. మా ఆవిడ చూసేసింది.

"నిజమేనండీ, ఇంతోటి దానికి మనిషెందుకు? మీ చెయ్యి పడితే పని ఎంత శుభ్రంగా ఉంటుందని!" అంది. గోడ అవతల నుంచి పిన్నిగారు అందుకున్నారు. "మా ఆయనున్నారు ఎందుకూ, బల్బు మార్చమంటే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తారు. మాస్టారి ఓపిక ఎవరికొస్తుందమ్మా!" మా అమ్మ కూడా, ఎప్పుడూ నన్ను మెచ్చుకుని ఎరగని మా అమ్మ, "చిన్నప్పుడు జామ చెట్టు మీదే ఉండేవాడు, అన్నం కూడా అక్కడికే" అనేసింది. ముగ్గురు ఆడవాళ్ళు మూడు వైపుల నుంచి పొగుడుతుంటే కింద నిలబడి ఉండటం మగవాడికి చేతనవుతుందా? నాకు కాలేదు.

తెలుగులో ఈ సందర్భానికి ఒక మాటుంది. అది నేనిక్కడ రాయను. కారణం తర్వాత తెలుస్తుంది.

నిచ్చెన కోసం వెళ్తే లేదు. వీధి చివర అమ్మవారి పందిరికి సీరియల్ లైట్లు కట్టాలని కుర్రాళ్ళు అడిగితే, "ఉంచుకోండిరా, నాకేం తొందర లేదు" అని నేనే ఇచ్చేశాను. సరే, చెట్టే ఉంది కదా అని పంచె ఎగ్గట్టి, కత్తి భుజాన వేసుకుని, మాను వాటేసుకుని పైకి పాకాను.

వానలయ్యాక మునగ మానుకి గొంగళి పురుగులు పడతాయి. గుంపులు గుంపులుగా, కంబళి ముక్క అతికించినట్టు మానుని కరుచుకుని ఉంటాయి. పాతరోజుల్లో కాగడాతో కాల్చేవారు. ఎక్కబోయే ముందు మాను చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలి. నేను ముందువైపే చూశాను. ఆ కంబళి వెనకవైపుంది. దాన్ని రెండు చేతులతో, గుండెలకి హత్తుకున్నాను.

మంట మొదలవడానికి అరనిమిషం పట్టింది. అప్పటికి నా కుడికాలు మొదటి పంగలో ఉంది, ఎడంకాలు దారిలో ఉంది. గోక్కోవడానికి చెయ్యి వదలాలా, పట్టుకోవడానికి గోకుడు వదలాలా అని నేను తేల్చుకునే లోపల, ఫట్ మని పంగే తేల్చేసింది. మునగ కర్రకి చేవ ఉండదు. చూడటానికి అంత లావుంటుంది గానీ లోపలంతా బెండే.

ఏడడుగుల ఎత్తు నుంచి నేలకి చేరడానికి 0.66 సెకను పడుతుంది. తర్వాత కట్టిన లెక్క ఇది. ఆ 0.66లో నాకు వినబడింది మా అమ్మ గొంతొక్కటే: "ఒరేయ్, కొమ్మ కొట్టకుండానే దిగిపోతున్నావేంటిరా!"

అదృష్టం ఏమిటంటే దింపు అబ్బాయి పోగేసిన కొబ్బరి మట్టల మీద పడ్డాను. పక్కనే, గోడకి కొట్టడానికి నీలిమందు కలిపి పెట్టుకున్న సున్నం బకెట్టు ఉంది. కుడికాలు అందులో దిగబడి మడమ దగ్గర కలుక్కుమంది. నాతోపాటు రాలిన గొంగళి పురుగులు మాత్రం ఏ దెబ్బా తగలకుండా తలో దిక్కుకీ నడిచి వెళ్ళిపోయాయి. పడబోయిన కొమ్మ, అదే, షెడ్డు మీదికి వాలిందే, అది మాత్రం పడలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మా ఆవిడ కాలి మీద బిందెడు నీళ్ళు గుమ్మరించి, ఒంటి మీద నూగు పోవడానికి మావాడి పుస్తకాలకి అట్టలేసే టేపు తెచ్చి ఛాతీకి అతికించి లాగడం మొదలుపెట్టింది. పురుగుల నూగుతోపాటు నా సొంత నూగు కూడా వచ్చేసింది. అప్పుడు కూడా "కదలకండి, బాగానే వస్తోంది" అని మెచ్చుకుంటూనే ఉంది.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముకకేం కాలేదు, బెణుకే. డాక్టరుగారు ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, "ఎలా జరిగింది?" అన్నారు. చెప్పాను. ఆయన ఒక క్షణం ఆగారు. కళ్ళద్దాలు తీశారు. మొహంలో మెల్లగా ఒక వెలుగు వచ్చింది. "అయితే మిమ్మల్ని ఎవరో..." అంటూ ఆ మాట అనేసి పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాను. మొదటిసారి కదా.

టీటీ ఇంజెక్షన్ వేస్తూ నర్సమ్మ అంది. ఆటో అతను అన్నాడు. పరామర్శకి వచ్చిన మా బావమరిది గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అన్నాడు. అందరిదీ ఒకటే వరస: ముందు ఆ ఆగడం, తర్వాత ఆ వెలుగు, ఈ ముక్క లోకంలో తనకే తట్టిందన్న ఆ సంబరం. నొప్పి మూడో రోజుకి తగ్గింది గానీ ఈ వెలుగు తగ్గలేదు. నేను లెక్కల మనిషిని గనక తలుపు వెనక సుద్దతో గీతలు గీశాను. విజయదశమి నాటికి ఇరవై మూడు.

విజయదశమి రాత్రి అమలాపురంలో చెడీ తాలింఖానా చూడని వాడుండడు. వీధి వీధి నుంచి కుర్రాళ్ళు కర్రలు, కత్తులు తిప్పుకుంటూ ఊరేగింపుగా వస్తారు. నేను కుంటుకుంటూ అరుగు మీద కూర్చుని చూస్తుంటే పాత శిష్యుడొకడు వచ్చి, "కాలికేమైందండీ?" అన్నాడు. ఎదురుగా కత్తులు తళతళలాడుతున్నాయి. వాతావరణం అలాంటిది. "పొద్దున ప్రాక్టీసులో తగిలింది" అనేశాను. వాడు నా కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు. ఇరవై నాలుగో గీత తప్పింది.

సెలవులయ్యాక బడికి వెళ్తే తొమ్మిదో తరగతి మొత్తం లేచి నిలబడి, తాలింఖానాలో ఏ కత్తి తిప్పుతానని అడిగింది. పదిహేను నిమిషాల పాటు నా జీవితంలోనే మొదటిసారి లెక్కల క్లాసులో ఎవరూ ఆవలించలేదు. ఆ తర్వాత స్టాఫ్ రూముకి వెళ్ళాను. హెడ్మాస్టరుగారు ఫోన్ నావైపు తిప్పారు. నేను పడటాన్ని మా అబ్బాయి వీడియో తీశాడట. మా ఆవిడ వాళ్ళ చెల్లెలికి పంపిందట, అది ఊరంతా తిరిగి మా స్టాఫ్ గ్రూపులోకొచ్చింది. ఎవరో స్లో మోషన్ కూడా చేశారు. అందులో 0.66 సెకను పూర్తిగా ఎనిమిది సెకన్లు ఉంది. హెడ్మాస్టరుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఒక క్షణం ఆగారు.

ఆ వెలుగు రావడం చూసి నేనే బయటికి నడిచాను.

విరిగిన పంగలోంచి మా అమ్మ నాలుగు బారుపాటి ముక్కలు కొట్టించి చిక్కుడు పాదుకి పందిరి గుంజలుగా పాతించింది. చిక్కుడికని రోజూ చెంబుడు నీళ్ళు పోస్తోంది. కార్తీకం వచ్చాక ఒక పొద్దున చూస్తే గుంజలు నాలుగూ చిగుళ్ళు వేసున్నాయి. దింపు అబ్బాయి మళ్ళీ దింపుకి వచ్చినప్పుడు చెట్టుకీ పందిరికీ మధ్య నిలబడి వేళ్ళతో లెక్కపెట్టాడు.

"ఐదయ్యాయండి మాస్టారూ. ఆయ్."

"పోనీలెండి, మీరున్నారుగా" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

నేనేం మాట్లాడలేదు. చెప్పులేసుకుని వెళ్ళి నిచ్చెన సంగతి కనుక్కున్నాను. దసరా పందిట్లోంచి అది కార్తీక మాసం భజన పందిట్లోకి వెళ్ళిందట.