71 డిగ్రీలా, 82 డిగ్రీలా?

దేశం ముందున్న మిగతా ప్రశ్నలన్నీ కాసేపు పక్కన పెట్టండి. రీమ్యాప్ చేయించిన, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి జోరు పెంచిన కారుకు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లను రేడియేటరులోకి వదిలే వాల్వ్) 71 డిగ్రీల దగ్గర తెరుచుకునేది వేయాలా, 82దా, కంపెనీవాడిచ్చిన 88దే ఉంచాలా? ఇది తేలక మా కాలనీలో చాలామందికి నిద్ర పట్టడం లేదు.

నాది టర్బో బండి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దాని కోసమే వేశారని నా నమ్మకం. రోజూ నడిచేది మాత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా, ఫస్ట్ గేరులో. అలాంటి రేసుగుర్రానికి చల్లదనం ఎంత అవసరమో వేరే చెప్పాలా? 71ది తెప్పించాను.

బిగించేముందు పరీక్ష చేయాలిగా. టీ గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి స్టవ్ వెలిగించాను. లోపలి మైనం కరిగి ఉబ్బితే స్ప్రింగును నెట్టుకుని వాల్వ్ తెరుచుకుంటుంది. థర్మామీటరు 71కి రాగానే సన్నగా నోరు తెరిచింది. 85 దాటాక గానీ పూర్తిగా తెరవలేదు. నేను పరవశించిపోయాను. మా ఆవిడ ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

71ది బిగించాక, జనవరి పొద్దున ఔటర్ మీద ఇంజిన్ వేడి చూపే సూది పైకి లేవనే లేదు. ఇంజిన్ ఇంకా చలికి వణుకుతోందనుకుని దాని కంప్యూటర్ ఈసీయూ తల్లిలా పెట్రోలు కొసరి కొసరి వడ్డించింది. ఆయిల్లో చేరిన తేమ ఆవిరయ్యేంత వేడి లేక ఆయిల్ మూత అడుగున మీగడ కట్టింది. పాడి లేని ఇంట్లో ఇంత మీగడ ఎవరికి దక్కుతుంది!

మేలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బయట 42. మా 71 ఎప్పుడో నోరంతా తెరిచి కూర్చుంది, సూది మాత్రం ఎర్ర గీత వైపు నడుస్తోంది. ఇంజిన్ మరీ చల్లబడకుండా చూడడమే థర్మోస్టాట్ ఉద్యోగం. మరీ కాగకుండా చూసేది రేడియేటరు, ఫ్యాను, తగిలే గాలి. గుడి తలుపులు పొద్దున్నే తీసినా లోపల పూజారి ఒక్కడే అయితే క్యూ కదులుతుందా? మా రేడియేటరు రెక్కల్లో రెండేళ్ల దుమ్ము, ఒక సీతాకోకచిలుక ఉన్నాయి. కడిగించడం మరీ చవక కాబట్టి ఆ ఆలోచన రాలేదు.

మెకానిక్ ఇంకా ముందుకెళ్లాడు. "గీ లొల్లి ఎందుకన్నా, వాల్వే తీసి పారేద్దాం. ఎండాకాలం అందరియి తీసేస్తున్నం."

దండం పెట్టి, 88దే మళ్లీ బిగించి, రేడియేటరు కడిగించాను. సూది మధ్యలో నిలబడింది. కాలనీలో ఎవరికీ చెప్పలేదు. ఎదురింటాయన 71ది ఎక్కడ దొరుకుతుందని అడిగితే నాదే సగం ధరకు ఇచ్చాను. టీ గిన్నె ఉచితం.