గట్టమ్మ గుట్ట దగ్గర 112 డిగ్రీలు

మా బావమరిది కారు దూరం నుంచి చూస్తే మామూలు చిన్న కారే. దగ్గరికి వెళితే దాని మూతి చూసి పిల్లలు జడుసుకుంటారు. ముందు బంపరు కింది సగాన్ని కోయించి, కుంభకర్ణుడు ఆవలించినట్టు పెద్ద సందు చేయించాడు. జాలీ కూడా లేదు. "జాలీ పెడితే గాలి తగ్గుతుంది బావా" అంటాడు.

ఆ ఇంజనుకు టర్బో ఉంది. వాడు నాకు ఆ సంగతి చెప్పినన్ని సార్లు మా మాస్టారు ఎక్కాలు కూడా చెప్పలేదు. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుందట. అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటి గాలిని కుదించి ఇంజనులోకి తోస్తుందట. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టి పంపు అడుగు పట్టుకున్నవాళ్లకు అది తెలుసు. ఆ వేడి గాలిని చల్లార్చడానికి ముందు వరసలో ఇంటర్‌కూలర్ ఉంటుంది. దాని వెనక ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు, ఆ వెనక ఇంజను నీళ్లను చల్లార్చే రేడియేటర్. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతికి చారు మిగిలినట్టు, రేడియేటర్‌కు ముందున్న ఇద్దరూ వాడుకోగా మిగిలిన వెచ్చటి గాలే దక్కుతుంది.

వాడి కల కోయంబత్తూరు దగ్గర ఉన్న కారి రేసు ట్రాకు మీద ఈ కారును పరుగెత్తించడం. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు నన్నూ కూర్చోబెట్టి టీవీలో చూపించాడు. "కరెంటు కార్లు కదా, వీటికి వేడి బాధ ఉండదు" అన్నాను. "బ్యాటరీ కూడా వేడెక్కుతుంది బావా, దానికీ చల్లదనం కావాలి" అన్నాడు. ఆ చూపులో జాలి ఉంది.

కల ట్రాకు మీదిదైనా, కారు ఉండేది హనుమకొండలో. మే నెలలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలకు ఎక్కి కూర్చుంటుంది. అందుకని జీతంలో సగం ఆ కారు చల్లదనానికే పోస్తాడు. పెద్ద అల్యూమినియం రేడియేటర్ వేయించాడు, ఆయిల్ కూలర్ పెట్టించాడు. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ స్పాంజితో మూశాడు. గాలి ఒళ్లు వంచని మనిషి లాంటిదట. పక్కన ఖాళీ దారి కనిపిస్తే రెక్కల మధ్య నుంచి దూరే కష్టం పడదట. ఇంజను వేడి చూపడానికి కంపెనీ ఇచ్చిన ముల్లు మీద వాడికి నమ్మకం లేదు. అది ఇంజను కాస్త వేడెక్కినా మధ్యలోనే నిలబడి, కొంప మునిగాక లేస్తుందట. అందుకే అంకెలు చూపే వేరే మీటరు పెట్టించాడు. ఆ ఎర్ర అంకెలు 90 దగ్గర ఉంటే వాడి ముఖం ప్రశాంతంగా ఉంటుంది.

పోయిన మే నెలలో పాలంపేట దగ్గరి పల్లెలో మా ఆవిడ తరఫు వాళ్ల పెళ్లి. "నా కారులో వెళ్దాం అక్కా, పొడుగు దారిలో పరీక్షించినట్టూ ఉంటుంది" అన్నాడు. ముందు రోజు రాత్రే తెచ్చి మా వాకిట్లో, మూతి గోడ వైపు పెట్టి, భోంచేసి పడుకున్నాడు.

పదకొండింటికి గేటు వేయడానికి వెళ్తే పిల్లికూన అరుపు వినిపించింది. వంగి చూస్తే, ఆ కుంభకర్ణుడి నోట్లోంచి రెండు కళ్లు మెరిశాయి. పొద్దున్నే ఇంజను వేస్తే దాని గతేమిటి? పాలు చూపించి బయటికి రప్పించాను. మళ్లీ దూరకుండా స్టోరు గదిలో చేతికందిన ఒక గోనె సంచిని మడిచి, గోడకూ కారుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి, లోపలికి గట్టిగా కుక్కాను. ఒక ప్రాణాన్ని కాపాడానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాను. తెల్లారాక ఆ సంచి మాట నాకు జ్ఞాపకం ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మర్నాడు మా ఆవిడ స్టోరు గదిలో ఏదో వెతుకుతూ అరగంట ఆలస్యం చేసింది. ఏం వెతుకుతున్నావని నేను అడగలేదు. పెళ్లికి బయలుదేరుతున్న ఆడవాళ్లను అలాంటి ప్రశ్నలు అడగకూడదని ఇరవై ఏళ్ల కాపురం నేర్పింది. తొమ్మిదిన్నరకు ఎక్కాం. వాడు స్టీరింగు దగ్గర, పక్కన పట్టుపంచెలో నేను, వెనక సీట్లో ఒడిబియ్యం మూటతో మా ఆవిడ. కారు వెనక్కి తీసి అలాగే రోడ్డెక్కాడు. మూతి ఎవరూ చూడలేదు.

ఊళ్లో బాగానే ఉంది. ఆత్మకూరు దాటాక ఏసీ నీరసించింది. మీటరు 97 చూపింది. "ఎండ" అన్నాను. 101 అయింది. వాడు ఏసీ ఆపేశాడు. 104 అయింది. అప్పుడు వాడు చేసిన పని చూసి మా ఆవిడ "నీకు మతి పోయిందా?" అని అరిచింది. హీటరు పూర్తిగా తిప్పాడు.

ఇందులో శాస్త్రం ఉంది. హీటరంటే డాష్‌బోర్డు వెనక దాగిన ఒక బుల్లి రేడియేటర్. ఇంజను నీళ్లలోని వేడిని కొంత పీల్చి మన ముఖాన కొడుతుంది. ఇంజనుకు మేలు, మనిషికి కీడు. బయట మే నెల ఎండ, లోపల కుమ్మరి ఆము. నా పట్టు లాల్చీ వీపుకు అతుక్కుంది. మా ఆవిడ జడలో మల్లెలు కళ్లముందే వాడి గోధుమరంగుకు తిరిగాయి. "ఇంకో పది నిమిషాలు ఇలాగే ఉంటే ఈ ఒడిబియ్యం అన్నమైపోతుంది" అంది.

"కంగారు పడకక్కా. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపి పోశాను. పైగా మూత కింద ఒత్తిడి ఉంటుంది. 120 దాకా మరగదు" అన్నాడు. ఆమెను శాంతపరచే మాట కాదది. వాడు తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టాడు: "నిలబడ్డప్పుడు వేడెక్కితే ఫ్యాను తప్పు. పరుగులో వేడెక్కితే గాలి దారి తప్పు. ఇది పరుగులోనే వేడెక్కుతోంది. కానీ గాలి దారి నా చేతులతో నేనే చేశాను కదా, అది తప్పెలా అవుతుంది?"

గాలి దారి అన్న మాట వినగానే నాకు పిల్లికూన గుర్తొచ్చింది. పిల్లికూన వెంట గోనె సంచి గుర్తొచ్చింది. హీటరు ముందు కూర్చున్నవాడికి చలి పుట్టడం అప్పుడే చూశాను.

చెప్పేయవచ్చు. కానీ వాడు అప్పటికే నీళ్ల పంపు మీద, దాన్ని అమ్మిన దుకాణం మీద అనుమానం పెంచుకుని మంచి ఊపు మీదున్నాడు. ఆపాక దొంగచాటుగా లాగేద్దాం అనుకున్నాను.

ములుగుకు ముందు గట్టమ్మ గుడి దగ్గర 112 అయింది. చెట్టు నీడన ఆపాడు. టర్బో మరిగిపోతున్నప్పుడు ఇంజను టక్కున ఆపితే అందులో నిలిచిన నూనె మాడి బొగ్గవుతుందట. అందుకని రెండు నిమిషాలు అలాగే ఆడించి ఆపాడు. మేడారం దారిలో వెళ్లే బండ్లన్నీ ఆగి మొక్కే చోటది. క్షణంలో పది మంది చేరారు. ఇంజను నీళ్ల దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ పీకేస్తే ఏ బండైనా చల్లగా నడుస్తుందని ఒకాయన, ఇంజను మీద బిందెడు చన్నీళ్లు గుమ్మరించాలని మరొకాయన. తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయిన మూడో ఆయన చెయ్యి మా వాడు ఎగిరి పట్టుకున్నాడు. ఆ వేడిలో మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కొబ్బరికాయలమ్మే ముసలమ్మ మాత్రం తేల్చి చెప్పింది: "అమ్మకు కాయ కొట్టకుండా ఉరికితే ఇట్లనే అయితది బిడ్డా."

మా వాడు బానెట్ ఎత్తి టార్చి లైటుతో గొట్టాలన్నీ తడుముతున్నాడు. నేను పంచె సర్దుకుంటూ మెల్లగా బంపరు ముందుకు జరిగాను. ఒక కొబ్బరికాయ కూడా కొన్నాను, వంగడానికి సాకు కావాలి కదా.

నాకంటే ముందే అక్కడ ఒక మేకపోతు ఉంది. ఎవరో మొక్కు చెల్లించడానికి తెచ్చి, పసుపు రాసి, తాడు పట్టుకుని నిలబడి మా తమాషా చూస్తున్నారు. అది బంపరు నోట్లోంచి వేలాడుతున్న పీచు కొసను అందుకుని నెమ్మదిగా నములుతోంది. నేను "హుష్" అన్నాను. బెదిరి వెనక్కి గుంజింది. మూర, రెండు మూరలు, మొత్తం సంచి మెలికలు తిరుగుతూ బయటికొచ్చి అందరి మధ్యా రోడ్డు మీద పరుచుకుంది.

ఎవరూ మాట్లాడలేదు. మా వాడు బానెట్ వదిలి వచ్చి సంచిని అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్క నీలిరంగుతో పెద్ద అక్షరాలున్నాయి. మా ఆవిడకు ఇంట్లో ప్రతి డబ్బా మీదా, సంచి మీదా పేరు రాసే అలవాటు.

"పాత సన్నాలు. ఎవరూ తీయ..." అని చదివాడు. తర్వాతి మాట మేక నోట్లో ఉంది.

"అక్కా, ఈ రాత నీదే కదా?"

"పొద్దున అరగంట వెతికాను ఈ సంచి కోసం" అంది ఆమె, వాడి వైపు కాదు, నా వైపు చూస్తూ. "ఇందులో మూడు కిలోల సన్నాలు ఉండాలి. అవెక్కడ పోశారు?"

నేను పిల్లికూన సంగతి చెప్పాను. కళ్లు ఎలా మెరిశాయో కూడా చెప్పాను. ముసలమ్మ ఒక్కతే "పుణ్యం" అంది. బియ్యం స్నానాల గది బకెట్‌లో ఉన్నాయని చెప్పాక ఆమె కూడా ఏమీ అనలేదు.

కాయ కొట్టి బయలుదేరాం. మైలు దాటకముందే మీటరు 92కు దిగింది. మా వాడి ముఖం విప్పారింది. వాడి గాలి దారిలో ఏ దోషమూ లేదని ఇంత బాగా ఏ ట్రాకూ నిరూపించలేదు. ముహూర్తానికి ఇంకా వేళ ఉంది.

"ఇంజను చల్లబడింది కదా, ఇక హీటరు ఆపవచ్చేమో" అన్నాను.

మా ఆవిడ వెనక అద్దం దించుకుంది. "పాలంపేట దాకా ఉండనివ్వరా" అంది తమ్ముడితో. "ఆ గాలి మొత్తం మీ బావ వైపు తిప్పు."